రిమోట్ డెస్క్‌టాప్‌లో నా డ్రైవ్ కనిపించడం లేదు!

ప్రశ్న: ఇంటి నుంచి విండోస్ రిమోట్ డెస్క్‌టాప్‌తో ఆఫీసు కంప్యూటర్‌లోకి వెళ్తున్నాను. నా ల్యాప్‌టాప్‌లోని డి డ్రైవ్, పెన్‌డ్రైవ్ అక్కడ కనిపించడం లేదు. ఏం చేయాలి?

జవాబు: ఏ డ్రైవ్ పంచుకోవాలో కనెక్ట్ కాకముందే చెప్పాలి. అందుకే ముందు సెషన్ డిస్కనెక్ట్ చేయండి. రిమోట్ డెస్క్‌టాప్ కనెక్షన్ తెరిచి, ‘షో ఆప్షన్స్’ నొక్కి, ‘లోకల్ రిసోర్సెస్’ ట్యాబ్‌లో అడుగునున్న ‘మోర్’ మీద క్లిక్ చేయండి. ‘డ్రైవ్స్’ జాబితా విప్పి డి డ్రైవ్‌కు టిక్ పెట్టండి. పెన్‌డ్రైవ్‌ను మధ్యలో పెట్టేటట్లయితే ‘డ్రైవ్స్ దట్ ఐ ప్లగ్ ఇన్ లేటర్’కూ టిక్ ఉండాలి. మళ్లీ కనెక్ట్ అయితే ఆఫీసు కంప్యూటర్‌లోని ‘దిస్ పీసీ’లో మీ డ్రైవ్, పక్కనే మీ ల్యాప్‌టాప్ పేరు కనిపిస్తాయి.

అయినా రాకపోతే అడ్డు ఆఫీసు వైపే ఉండవచ్చు. అక్కడి గ్రూప్ పాలసీలో ‘డు నాట్ అలో డ్రైవ్ రీడైరెక్షన్’ ఎనేబుల్ చేసి ఉంటే మీరెన్ని టిక్కులు పెట్టినా లాభం లేదు. ఐటీ విభాగాన్ని అడగండి. డేటా బయటికి పోకుండా కావాలనే అలా పెడతారు కాబట్టి దొడ్డిదారి వెతకకండి.

ఒక జాగ్రత్త: పంచుకున్న డ్రైవ్‌లోని ఫైళ్లను అవతలి కంప్యూటర్ చదవగలదు, చెరపగలదు కూడా. నమ్మకమున్న కంప్యూటర్‌కే, అవసరమైన డ్రైవ్‌నే ఇవ్వండి. పని కాగానే టిక్ తీసేయండి.