దాణా గదిలో అరల ఏర్పాటు

వర్షాకాలం దగ్గరపడగానే చాలా పాల సంఘాల నుండి ఒకే మాట వినబడుతుంది: దాణా నిల్వకు చోటు చాలడం లేదు, ఇంకో గది కావాలి అని. కొత్త గది సంగతి ఆలోచించే ముందు, ఉన్న గది ఎత్తును ఎంతవరకు వాడుకుంటున్నామో కార్యదర్శులు, పాలకవర్గ సభ్యులు ఒకసారి చూడాలి. నేలంతా నిండిపోయి, నడుము ఎత్తుకు పైన అంతా ఖాళీగా ఉండే గదులే ఎక్కువ.

ముందుగా ఎంత నిల్వ కావాలో లెక్క వేసుకోవాలి. రోజుకు నాలుగు బస్తాల దాణా అమ్ముడయ్యే సంఘాన్ని తీసుకుందాం. బస్తా 50 కిలోలు. లారీ ఎనిమిది రోజులకొకసారి వస్తుంది. ఆలస్యమైతే ఇబ్బంది లేకుండా మరో రెండు రోజుల సరుకు కలుపుకుంటే మొత్తం 40 బస్తాలు. అంతకు మించి తెచ్చి పెట్టుకోవడం ముందుచూపు కాదు, దాణాను పాతబెట్టుకోవడమే. లారీ నాలుగు రోజులకొకసారి వచ్చే వీలుంటే అరల ఖర్చే అక్కరలేకపోవచ్చు. అది ముందు కనుక్కోండి.

ఇక గది. పొడవు 15 అడుగులు, వెడల్పు 10, ఎత్తు 10 అనుకుందాం. గోడలకు నాలుగు వైపులా అడుగున్నర వదలాలి. మధ్యలో మూడడుగుల దారి ఉండాలి. అప్పుడు దారికి రెండు పక్కలా 12 అడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు చోటు మిగులుతుంది. నిండు బస్తా సుమారు మూడడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు ఉంటుంది గనుక ఒక్కో వరుసలో నాలుగు బస్తాలు పడతాయి. నేలకు ఆరంగుళాల ఎత్తున చెక్క పలకలు పరచి, వాటిపై నాలుగు వరుసలు పేర్చితే పక్కకు 16, రెండు పక్కలా 32 బస్తాలు. ఒంటి వరుసగా పేర్చిన దొంతికి అల్లిక ఉండదు, అందుచేత నాలుగు దాటరాదు. నేల నుండి నాలుగడుగుల ఎత్తున మొదటి అర. దానిపై ఒకే వరుస, రెండు పక్కలా ఎనిమిది బస్తాలు. మన 40 సరిపోయాయి.

ఆరడుగుల ఎత్తున రెండవ అర వేసుకోవచ్చు గాని దానిమీద దాణా బస్తా పెట్టరాదు. ఖాళీ గోతాలు, ఖనిజ లవణ మిశ్రమం పొట్లాలు, పశుగ్రాసపు విత్తనాల సంచులు, పాత రిజిస్టర్లు అక్కడికి వెళ్ళాలి. అసలు అరల వల్ల కలిగే లాభం ఇదే. నేలమీద చోటు తినేస్తున్న తేలిక వస్తువులు పైకెక్కితే, బరువైనవి కిందనే ఉంటాయి. పైకప్పు రేకులదైతే ఈ జాగ్రత్త మరీ అవసరం. పగలు వేడి, రాత్రి రేకుకు పట్టే చెమ్మ రెండూ దాణాకు చెరుపే. రేకుకూ సామానుకూ మధ్య మూడడుగులైనా ఉండాలి.

అరకు కాళ్ళు మూడడుగులకొకటి చొప్పున రావాలి. అప్పుడు ఒక్కో గడిపై ఒక్కో బస్తా బరువే పడుతుంది. ఇనుప కమ్మీల చట్రమైతే కాళ్ళ కింద పలక బిళ్ళలు వేసి, పైభాగాన్ని గోడకు బోల్టులతో బిగించాలి. సున్నం, సిమెంటు లేకుండా పేర్చిన ఇటుకలపై కడప రాయి పరచి అర అనుకోవడం ప్రమాదం. రాయి చూడడానికి గట్టిదే, కాని నడుమ బరువు పడితే చెప్పకుండా విరుగుతుంది. అర తయారయ్యాక దాని కింద దారం బిగించి కట్టి, ఒక్కో గడిపై రెండు బస్తాలు ఒకరోజు ఉంచి చూడండి. పావు అంగుళం కంటె ఎక్కువ కుంగితే ఇంకో ఆధారం ఇవ్వాలి. పై అరకు బస్తా ఎక్కించేది ఎప్పుడూ ఇద్దరే. అర మీదికి ఎవరూ కాలుపెట్టి ఎక్కకూడదు.

ఇంత శ్రమ ఎందుకంటే, గోడకు ఆనించిన బస్తాకు, నేలమీది బస్తాకు తడి ఎక్కుతుంది. మిశ్రమ దాణాలో తేమ 11 శాతం మించరాదని భారత ప్రమాణం. అది దాటితే బూజు పడుతుంది. కొన్ని బూజుల నుండి పుట్టే అఫ్లాటాక్సిన్ అనే విషం గేదె కడుపులోకి పోయి, ఒకటి రెండు రోజుల్లోనే రూపు మార్చుకుని పాలలో దిగుతుంది. పాలు కాచినా, పాశ్చరైజు చేసినా అది పోదు. కిలో పాలలో 0.5 మైక్రోగ్రాము దాటకూడదని ఆహార భద్రతా నిబంధన. బూజు దాణాను ఎండబెట్టి అమ్ముదామనుకునే వారున్నారు. ఎండకు బూజు కనబడకుండా పోవచ్చు, విషం పోదు.

బస్తా దిగిన తేదీని సుద్దముక్కతో దానిమీదే రాయండి. కొత్త లారీ వచ్చిన రోజున పై అరలోని పాత బస్తాలను ముందుగా దింపి, వాటినే ముందు అమ్మాలి. లేకపోతే పైవి నెలల తరబడి అక్కడే ఉండిపోతాయి.

రెండు వస్తువులకు మాత్రం ఈ గదిలో ఏ అరమీదా చోటు లేదు. ఒకటి యూరియా. అర్ధచీకటిలో ఒక సంచికి బదులు ఇంకో సంచి విప్పితే పశువు ప్రాణం పోతుంది. రెండవది, వెన్న పరీక్షకు వాడే గంధకామ్లం. ఆ సీసా పరీక్ష గదిలోనే, మోకాలి ఎత్తు మించని తాళం అరలో ఉండాలి.