రాతిపొరలలోని పంచాంగము

ఒకనాడు, సంక్రాంతి సెలవులు ముగిసిన పిదప, మా యేడవ తరగతి విద్యార్థి యొకడు తన తాతగారితో కూడ మా గదికి వచ్చెను. తగవు చిన్నదే. మకర సంక్రాంతినాడు ఉత్తరాయణము ప్రారంభమగునని తాతగారు చెప్పగా, సూర్యుడు ఉత్తరమునకు మరలునది డిసెంబరు 22వ తేదీ ప్రాంతముననే యని పుస్తకములో నున్నదని మనుమడు వాదించెనట. "పుస్తకము నిజమా, పంచాంగము నిజమా, మీరే చెప్పవలయును" అని తాతగారు కూర్చుండిరి. పిల్లవాని యెదుట పెద్దవారిని తక్కువ చేయుట మాకిష్టము లేదు. పెద్దవారి కొఱకు పిల్లవానికి అసత్యము చెప్పుటయు తగదు. ఆనాడు చెప్పిన సమాధానమునే కొంత విస్తరించి యీ సంచికలో తల్లిదండ్రుల ముందుంచుచున్నాము.

వేగము తగ్గిన బొంగరమును చూడుడు. అది తనచుట్టు తాను తిరుగుచునే తలను మెల్లగా వలయముగ త్రిప్పును. భూమియు అట్లే తన యిరుసును త్రిప్పుచున్నది. ఒక్క చుట్టునకు సుమారు 26,000 సంవత్సరములు పట్టును. దీనినే మన జ్యోతిష గ్రంథములు అయన చలనమనినవి. దీనివలన, నక్షత్రములనుబట్టి లెక్కించు సంక్రాంతికిని, సూర్యుడు నిజముగ ఉత్తరమునకు మరలు దినమునకును, సుమారు 72 సంవత్సరముల కొక దినము చొప్పున ఎడము పెరుగుచున్నది. సుమారు 1,700 సంవత్సరముల క్రిందట ఆ రెండును ఒక్కనాడే వచ్చెడివి. నేడు వానినడుమ మూడు వారములకు పైగా ఎడమున్నది. కావున తాతగారి మాటయు పూర్వము ఆకసమును చూచి చెప్పినదే. మనుమని మాట నేటి ఆకసమును చూచి చెప్పినది.

భూమి నడకలో ఇట్టి నిదానపు మార్పులు మూడు కలవు. మొదటిది పైన చెప్పినది. భూకక్ష్య సరియైన వృత్తము కాదు. నేడు జనవరి మొదటి వారమున భూమి సూర్యునికి 14.71 కోట్ల కిలోమీటర్ల దూరమునకు వచ్చును; జులై మొదటి వారమున 15.21 కోట్ల కిలోమీటర్ల దూరమునకు పోవును. ఈ సమీప దినము కూడ కాలక్రమమున సంవత్సరమంతయు సంచరించి, సుమారు 21,000 సంవత్సరములకు తిరిగి అదే ఋతువునకు వచ్చును. రెండవది యిరుసు వాలు. నేడు 23.4 డిగ్రీలున్న యీ వాలు 22.1 డిగ్రీలకును 24.5 డిగ్రీలకును నడుమ సుమారు 41,000 సంవత్సరముల కొకమారు ఊగును. మూడవది కక్ష్య ఆకారము. గురు శుక్రాది గ్రహముల ఆకర్షణచే అది యొకప్పుడు వృత్తమునకు దగ్గరగను, ఒకప్పుడు కొంచెము సాగినదిగను మారుచుండును. ఈ మార్పునకు సుమారు లక్ష సంవత్సరముల ఆవృత్తియు, 4,05,000 సంవత్సరముల ఆవృత్తియు కలవు.

నూరేండ్లు బ్రతుకు మనుష్యుడు వీనిని ఒక్కమారైన పూర్తిగా చూడజాలడు. అయినను వీనిని వ్రాసియుంచిన సాక్షి యొకటి కలదు. అది సముద్రగర్భమున దిగిన బురద.

ఉత్తరార్ధగోళమున వేసవియందే భూమి సూర్యునికి సమీపించినచో అచటి నేల యెక్కువ వేడెక్కును. సముద్రపు గాలులు బలముగ వీచి వర్షములు హెచ్చును. సుమారు 10,000 సంవత్సరముల క్రిందట అట్లే యుండుటచేత నేటి సహారా ఎడారిలో సరస్సులును పచ్చికబయళ్లును ఉండెను. మన నైరుతి ఋతుపవనములును అట్టి కాలములందు బలపడును. వర్షము హెచ్చగా నదులు ఎక్కువ నీటిని, మట్టిని సముద్రమునకు చేర్చును. తగ్గగా సూక్ష్మజీవుల సున్నపు పెంకులే యెక్కువ పాలుగ అడుగున పేరుకొనును. ఆ బురద గట్టిపడి రాయియైనపుడు రంగుల పొరలు నిలుచును. ఇట్టివానినే అవక్షేప శిలలందురు.

ఇటలీ దేశమునకు చెందిన సిసిలీ ద్వీపపు దక్షిణతీరమున ఎరాక్లియా మినోవా, పుంటా ది మైయాటా అను చోట్ల ఇట్టి శిలలు సముద్రపుటొడ్డున గోడలవలె నిలిచియున్నవి. అవి సుమారు 53 లక్షల సంవత్సరముల క్రిందట మధ్యధరా సముద్రపుటడుగున పేరుకొన మొదలిడినవి. బూడిదవన్నె, తెలుపు, లేత గోధుమవన్నె, మరల తెలుపు: ఈ నాలుగు పొరలును కలిసి యొక వరుస. ఒక్కొక్క వరుస సుమారు మీటరు మందము. ఒక్కొక్కటి సుమారు 21,000 సంవత్సరముల కాలము. బూడిదవన్నె పొర వర్షములు హెచ్చిన నాటిది. కక్ష్య సాగియున్న కాలములో ఈ రంగులు స్ఫుటముగను, వృత్తమునకు దగ్గరయైన కాలములో మసకగను కానవచ్చును. కావున చిన్న వరుసలు కొన్ని కలిసి పెద్ద గుంపులుగ ఏర్పడినవి. దినములు, మాసములు, సంవత్సరములు ఒకే పంచాంగమున నున్నట్లు చిన్న పెద్ద ఆవృత్తులు ఒకే గోడపై నున్నవి.

ఈ లిపిని చదువుట ఒక్కనాటి పని కాలేదు. స్కాట్లండువాడగు జేమ్సు క్రోలు (1821–1890) ఎక్కువ చదువు నోచుకొనక, 1859లో గ్లాస్గో నగరమున నొక విద్యాసంస్థ మ్యూజియములో కాపలా ఉద్యోగమున చేరి, అచటి గ్రంథములు చదివి, హిమయుగములకు భూకక్ష్య మార్పులు కారణమని 1864లో వ్రాసెను. అమెరికాలో గిల్బర్టు 1895లో కొలరాడోలోని సున్నపురాతి పొరలను చూచి, వానిని అయన చలనముతో ముడిపెట్టి కాలము లెక్కించెను. సెర్బియా గణితవేత్త మిలాంకోవిచ్ దశాబ్దములు శ్రమించి, ఏ యుగమున ఏ అక్షాంశమునకు ఎంత యెండ తగిలెనో గణించి 1941లో పెద్ద గ్రంథము వెలువరించెను. ఆయన 1958లో మరణించునాటికి నమ్మినవారు కొద్దిమందియే. 1976లో హేస్, ఇంబ్రీ, షాకిల్టను అను మువ్వురు దక్షిణ హిందూ మహాసముద్రపు టడుగునుండి తీసిన రెండు మట్టికంబములలో 4,50,000 సంవత్సరముల చరిత్ర చదివి, అవే ఆవృత్తులను కనుగొనిరి.

పొరలు లెక్కించినంత మాత్రమున నమ్మవచ్చునా? నడుమ కొన్ని కొట్టుకొనిపోయి యుండవచ్చును. మరియొక సాక్ష్యము కావలయును. అట్టి పరీక్ష యొకటి జరిగినది. భూమి అయస్కాంత ధ్రువములు కడపటిసారి తారుమారైనది 7,30,000 సంవత్సరముల క్రిందట అని రాళ్లలోని పొటాసియమునుబట్టి లెక్కించియుండిరి. 1990లో షాకిల్టను మొదలగువారు సముద్రపు పొరలలోని ఆవృత్తులనుబట్టి అది 7,80,000 అని తేల్చిరి. మరుసటి సంవత్సరము హిల్గెన్ అను డచ్చి శాస్త్రజ్ఞుడు మధ్యధరా ప్రాంతపు శిలలతో ఈ లెక్కను ఇంకను పూర్వమునకు సాగించెను. పిదప ఆర్గాను వాయువునుబట్టి మేలైన పద్ధతిలో అగ్నిపర్వత శిలలను కొలువగా, పొరల లెక్కయే సరియైనదని తేలినది.

కొందఱు నేటి భూతాపమునకు కూడ ఈ కక్ష్యామార్పులే కారణమందురు. అది సరికాదు. ఇవి వేలయేండ్లలో జరుగునవి. గాలిలో బొగ్గుపులుసు వాయువు రెండు మూడు వందల యేండ్లలోనే పదిలక్షలకు 280 పాళ్లనుండి 420కి పైబడినది. ఇది బొగ్గు, చమురు కాల్చుటవలన కలిగినది.

తల్లిదండ్రులకు మా విన్నపము రెండు మాటలు. నూతి త్రవ్వకములోగాని యేటిగట్టునగాని పొరలు కనిపించినపుడు పిల్లలకు చూపుడు. అవి వరదలవలన ఏర్పడినవే కావచ్చును. ప్రతి పొరయు 21,000 సంవత్సరములది కాదని కూడ చెప్పుడు. ఇక రెండవది. తెలుగులో చదివిన బిడ్డకు శాస్త్రము అందదని దిగులుపడి మా యొద్దకు వచ్చువారు ప్రతియేట కొందఱుందురు. ఆ దిగులు మేమెఱుగుదుము; పైచదువులకు ఇతర భాషలును నేర్వవలసినదే. కాని పైపాఠమంతయు ఆ తాతగారును మనుమడును తెలుగులోనే విని గ్రహించిరి. "అయన చలనము" అను మాట వినగానే తాతగారు తలయూచి, అది తమ పంచాంగములో నున్నదనిరి. మరునాడు మనుమడు ఆ పంచాంగమును తరగతికి తెచ్చెను. మీ యింటిలోను పిల్లలకును పెద్దలకును ఇట్టి తగవు వచ్చినచో అణచివేయక, ఇరువురును కలిసి పాఠశాలకు రండు.