మళ్లీ అలాగే అవుతుందేమోనని భయం

మాది కోనసీమలో అప్పనపల్లి. నా వయసు 26. పెళ్లయి రెండేళ్లయింది. దగ్గర్లో కొబ్బరి పీచు ఫ్యాక్టరీలో లెక్కలు రాస్తాను. మొన్న వేసవిలో మొదటిసారి నెల తప్పాను. తొమ్మిదో వారంలో స్కానింగ్‌కి అమలాపురం వెళ్లాం. స్కాన్ చేస్తున్నావిడ చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. ఆఖరికి స్క్రీన్ అటు తిప్పేసుకుని, "హార్ట్‌బీట్ లేదమ్మా" అన్నారు. రెండు రోజులకే అబార్షన్ అయిపోయింది.

మా అత్తయ్యగారు మంచివారేనండి, నన్ను ఒక్క మాట అనలేదు. మా ఊరి బాలబాలాజీకి మొక్కుకున్నారు. కానీ చూడ్డానికి వచ్చినవాళ్లు తలో మాటా అన్నారు. స్కూటీ మీద తిరిగిందని ఒకరు, దొడ్లో బొప్పాయి పండు తిన్నదని ఒకరు, మేనరికం కదా అని ఇంకొకరు. నాకూ అదే నిజమేమో అనిపిస్తోంది.

మూడు నెలలకే మళ్లీ నెల తప్పింది. ఇప్పుడు ఆరో వారం. ఆరు నెలలైనా ఆగాల్సింది అంటోంది మా అమ్మ. బాత్‌రూంకి వెళ్లిన ప్రతిసారీ మరక ఏమైనా ఉందేమోనని గుండె ఆగినంత పనవుతోంది. మంచం దిగకూడదనీ, గర్భం నిలబడ్డానికి ఇంజెక్షన్లు చేయించుకోమనీ పక్కింటావిడ చెబుతున్నారు. మా ఆయనతో చెప్పుకుందామంటే ఆయనే దిగులుగా ఉంటున్నారు. మళ్లీ అలా అయ్యే అవకాశం ఎంత ఉంటుందండీ?

– ఒక సోదరి, అప్పనపల్లి

అమ్మా, మీరు అడిగిన లెక్కే ముందు చెబుతాను. ఒకసారి గర్భం పోయినవాళ్లు నూరుమంది మళ్లీ నెల తప్పితే, సుమారు 80 మందికి ఆ గర్భం నిలుస్తుంది. ఇరవై మందికి పోతుందా అని మీ చూపు అక్కడే ఆగుతుందని తెలుసు. కానీ ఎప్పుడూ గర్భం పోనివాళ్లలో కూడా, నెల తప్పిందని తెలిశాక, నూటికి పది నుంచి ఇరవై మందికి పోతుంది. అంటే మొన్న జరిగినదాని వల్ల మీకు కొత్తగా పెరిగిన ప్రమాదం చాలా కొద్ది. పైగా వయసు మీ వైపే ఉంది. ఈ ప్రమాదం బాగా పెరిగేది 35 దాటాక. నలభై దాటితే దాదాపు సగంమందికి గర్భం పోతుంది. మీకు 26.

ఇక స్కూటీ, బొప్పాయి సంగతి. మొదటి మూడు నెలల్లో పోయే గర్భాల్లో సగం, అంతకన్నా ఎక్కువే, క్రోమోజోముల లెక్క తప్పడం వల్ల పోతాయి. తల్లి నుంచి 23, తండ్రి నుంచి 23 రావాలి. ఒకటి ఎక్కువో తక్కువో వస్తే పిండం కొన్నాళ్లు పెరిగి ఆగిపోతుంది. అది అండం, వీర్యకణం తయారయ్యేటప్పుడో, అవి కలిసిన తొలి రోజుల్లోనో జరిగిపోయే పని. అప్పటికి మీరు స్కూటీ ఎక్కారా, ఏం తిన్నారు అన్నదానితో దానికి సంబంధం లేదు. మీకు తెలిసింది తొమ్మిదో వారంలోనే గానీ, హార్ట్‌బీట్ లేదన్నప్పుడు చాలాసార్లు అంతకు కొన్ని రోజుల ముందే ఎదుగుదల ఆగిపోయి ఉంటుంది. పండిన బొప్పాయి తింటే గర్భం పోతుందనడానికి ఆధారం లేదు. పచ్చికాయ పాలు మంచివి కావంటారు కాబట్టి అది మానేయండి, చాలు. మేనరికం విషయం డాక్టరుగారికి తప్పకుండా చెప్పండి. దగ్గరి సంబంధాల్లో కొన్ని వంశపారంపర్య జబ్బులు పిల్లలకు వచ్చే అవకాశం పెరుగుతుంది, అది వాళ్లు చూసుకోవాల్సిన విషయం. అంతేగానీ ఒక్క అబార్షన్‌ని పట్టుకుని మేనరికం వల్లేనని ఎవరూ తేల్చలేరు. చూడ్డానికి వచ్చి కారణాలు చెప్పిపోయేవాళ్ల మీద నాకు నిజంగా కోపం వస్తుంది. కన్నీళ్లింకా ఆరని పిల్ల ముందు మాట్లాడుతున్నామన్న ఇంగితం ఉండాలి.

తొందరపడ్డామన్న బెంగ కూడా వద్దు. ఆరు నెలలు ఆగమన్న మాట మీ అమ్మగారు కల్పించింది కాదు, ప్రపంచ ఆరోగ్య సంస్థే ఒకప్పుడు అలా చెప్పింది. కానీ స్కాట్లాండ్‌లో 30 వేలమందికి పైగా స్త్రీల రికార్డులు చూసి 2010లో ప్రచురించిన అధ్యయనంలో, ఆరు నెలల లోపే మళ్లీ గర్భం వచ్చినవాళ్లకు ఫలితాలు బాగానే ఉన్నాయి. ఆలస్యం చేసినవాళ్లకన్నా మెరుగ్గా కూడా.

మంచం పట్టి పడుకుంటే గర్భం నిలుస్తుందని ఇంతవరకు ఎవరూ రుజువు చేయలేదు. నడవండి, ఇంటి పని చేసుకోండి, ఆఫీసుకి వెళ్లండి. ఇంజెక్షన్ల సంగతి డాక్టరుకే వదలండి. గర్భం నిలబడ్డానికి ఇచ్చే ప్రొజెస్టరాన్ హార్మోను మీద బ్రిటన్‌లో తొలి నెలల్లో బ్లీడింగ్ కనిపించిన నాలుగు వేలమందికి పైగా స్త్రీలతో చేసి 2019లో ప్రచురించిన పరీక్షలో, అందరినీ కలిపి చూస్తే పెద్ద తేడా కనిపించలేదు. వాళ్లలో అంతకుముందు కూడా గర్భం పోయినవాళ్లకు మాత్రం కొంత మేలు జరిగినట్టుంది. కాబట్టి మరక కనిపిస్తే ఆలస్యం చేయకుండా చూపించుకోండి, ఆ మందు గురించి మీరే అడగండి. ఫోలిక్ యాసిడ్ రోజూ వేసుకోండి. థైరాయిడ్, షుగర్ పరీక్షలు చేయించుకోండి. మీ బ్లడ్ గ్రూపు నెగెటివ్ అయితే మొన్నటి అబార్షన్ సంగతి చెప్పి యాంటీ-డి ఇంజెక్షన్ గురించి అడగండి. వరసగా రెండుసార్లు పోతే అప్పుడు లోతైన పరీక్షలు చేస్తారు. ఒక్కసారికే వాటి వెంట పడి డబ్బు పోగొట్టుకోనక్కర్లేదు.

మరక కనిపించినంత మాత్రాన అంతా అయిపోయినట్టు కాదు. తొలి నెలల్లో కొద్దిగా కనిపించినా పండంటి బిడ్డను కన్నవాళ్లు ఎందరో ఉన్నారు. కానీ గంటకో ప్యాడ్ తడిసిపోతున్నా, కడుపులో ఒకవైపే గట్టిగా నొప్పి వచ్చినా, కళ్లు తిరిగినా, జ్వరం వచ్చినా, రాత్రి అని చూడకుండా 108కి ఫోన్ చేయండి.

మీవారి దిగులు కూడా మీ దిగులే. ఆయన కూడా ఆ స్కాన్ గది బయట నిలబడ్డ మనిషే. మిమ్మల్ని బాధపెట్టకూడదని మాట దాచుకుంటున్నారేమో. ఈ ఉత్తరం ఆయనకి చదివి వినిపించండి. ఇంకో మాట, మీకు పనికొస్తుందని చెబుతున్నాను: అబార్షన్ అయిన ఉద్యోగినికి జీతంతో ఆరు వారాల సెలవు ఇవ్వాలని చట్టం చెబుతోంది. మొన్న మీకు ఇచ్చారో లేదో రాయలేదు. ఆసుపత్రి కాగితాలు దాచి ఉంచుకోండి, ఫ్యాక్టరీలో అడగండి.

స్కానింగ్‌కి ఏడో వారం నిండాక వెళ్లండి. ఈసారి మీవారిని గదిలోకి రానివ్వమని ముందే అడగండి. గుండె కొట్టుకోవడం కనిపిస్తే ప్రమాదం బాగా తగ్గిపోయినట్టే. ఒకవేళ కనిపించకపోతే తేదీల లెక్కలో తేడా ఉండొచ్చు, అండం ఆలస్యంగా విడుదలై ఉండొచ్చు. ఆ ఒక్క స్కాన్‌తోనే ఏ నిర్ణయానికీ ఒప్పుకోకండి. వారం, పది రోజులు ఆగి రెండోసారి చేయమని అడగండి.