తక్కువ ఖర్చులో గేమింగ్ కంప్యూటర్: భాగాల ఎంపిక, బిల్లు, భద్రత

జంటనగరాలలో పార్క్‌లేన్‌లోని చినాయ్ ట్రేడ్ సెంటర్‌కు ఏ పేరున్నదో, బెంగళూరులో సాదర్ పత్రప్ప రోడ్డుకు అదే పేరున్నది. అందరూ ఎస్.పి. రోడ్డు అని పిలిచే ఈ వీధి టౌన్ హాల్‌కు సమీపంలో, పాత పేట ప్రాంతంలో ఉన్నది. చిక్కపేట మెట్రో స్టేషన్‌లో గానీ, కృష్ణరాజేంద్ర మార్కెట్ స్టేషన్‌లో గానీ దిగి నడిచి వెళ్లవచ్చు. కంప్యూటర్ భాగాలు ఇక్కడ విడివిడిగా దొరుకుతాయి. తొలి జీతాలు కూడబెట్టుకొన్న యువకునికైనా, పిల్లల కోరిక తీర్చదలచిన తల్లిదండ్రులకైనా ఇది చిన్న ఖర్చు కాదు. ఆ సొమ్ము వృథా కాకుండా ఉండటానికి తెలుసుకోవలసిన విషయాలు ఈ పాఠంలో ఉన్నాయి.

1. ముందు తెర, తరువాత యంత్రం

ఏ ఆటలు ఆడాలి, ఏ తెరపై ఆడాలి అన్నది మొదట తేల్చుకోవాలి. 1920×1080 తెరపై ఒక్కొక్క దృశ్యానికి 20,73,600 చుక్కలను తీర్చాలి. 4కె తెరపై ఈ సంఖ్య 82,94,400. అంటే యంత్రానికి నాలుగు రెట్ల పని. అలాగే సెకనుకు 144 సార్లు దృశ్యం మార్చగల మానిటర్ కొన్నా, యంత్రం 60 దృశ్యాలనే తయారు చేయగలిగితే ఆ మానిటర్‌కు పెట్టిన అదనపు ధర అక్కరకు రాదు. దుప్పటి ఉన్నంతవరకే కాళ్లు చాపుకోవాలన్న పెద్దల మాట ఇక్కడ అక్షరాలా వర్తిస్తుంది. తక్కువ ఖర్చులో కొనేవారికి 1920×1080 తెర చాలు.

2. రెండు మార్గాలు

మొదటి మార్గం: గ్రాఫిక్స్ భాగం లోపలే ఉన్న ప్రాసెసర్‌ను తీసుకోవడం. ఎఎండి రైజెన్ 5 5600జి ఇందుకు ఉదాహరణ. వాలరెంట్ వంటి తేలికపాటి ఆటలకు ఇది సరిపోతుంది. సొమ్ము సమకూరినప్పుడు గ్రాఫిక్స్ కార్డును చేర్చుకోవచ్చు. ఇటువంటి ప్రాసెసర్ తన చిత్రాల పనికి ర్యామ్‌నే వాడుకొంటుంది. కనుక 16 జిబి ర్యామ్‌ను ఒకే ముక్కగా కాక 8 జిబి ముక్కలు రెండుగా తీసుకొంటే ఆట వేగం స్పష్టంగా పెరుగుతుంది.

రెండవ మార్గం: ప్రాసెసర్‌నూ గ్రాఫిక్స్ కార్డునూ మొదటే విడివిడిగా కొనడం. ఇంటెల్ ఐ3-12100ఎఫ్ వంటి పేర్ల చివర ఉన్న ‘ఎఫ్’ అక్షరాన్ని గమనించాలి. లోపల గ్రాఫిక్స్ భాగం లేదని దాని అర్థం. కార్డు లేకుండా దీనిని బిగిస్తే తెరపై బొమ్మే రాదు. ధర తక్కువని దీనిని కొని, కార్డు తరువాత చూద్దామనుకొంటే అంతవరకు యంత్రం ఊరకే పడి ఉంటుంది.

3. ఒకదానికొకటి అమరాలి

రైజెన్ 5 5600జి ప్రాసెసర్ ఎఎం4 మదర్‌బోర్డులో, డిడిఆర్4 ర్యామ్‌తో పనిచేస్తుంది. ఎఎం5 బోర్డులకు డిడిఆర్5 ర్యామ్ మాత్రమే పనికివస్తుంది. ఒక రకం ర్యామ్ మరొక రకం గాడిలో కూర్చోదు. భాగాలను వేర్వేరు దుకాణాలలో కొనేవారు పూర్తి జాబితాను ముందుగా వ్రాసుకొని, ప్రతి దుకాణంలోనూ దానిని చూపి అడగడం మేలు. ఎస్‌ఎస్‌డి వలన ఆట త్వరగా తెరుచుకొంటుంది గాని, ఆట సాగేటప్పుడు దృశ్యాల వేగం పెద్దగా పెరగదు. కనుక వేగం కోసం మిగిలిన సొమ్మును గ్రాఫిక్స్ వైపు మళ్లించాలి.

4. కంటికి ఆనని భాగం

రంగుల దీపాలున్న క్యాబినెట్‌కు ఖర్చు పెట్టి, ఎస్‌ఎంపిఎస్ దగ్గర పొదుపు చేయడం తరచుగా జరిగే పొరపాటు. ఇంట్లోకి వచ్చే 230 వోల్టుల విద్యుత్తును భాగాలకు తగినట్లు మార్చి అందించేది ఇదే. ఇది నాసిరకమైతే మిగిలిన భాగాలన్నిటికీ ముప్పే. ఐ3-12100ఎఫ్ గరిష్ఠంగా 89 వాట్లు, రేడియన్ ఆర్ఎక్స్ 6600 కార్డు 132 వాట్లు తీసుకొంటాయి. రెండూ కలిపి 221. మిగిలిన భాగాలకు కావలసినది కలుపుకొన్నా, పేరున్న సంస్థ చేసిన 450 వాట్ల ఎస్‌ఎంపిఎస్ సరిపోతుంది. కార్డుకు కావలసిన 8 పిన్నుల కనెక్టర్ అందులో ఉన్నదో లేదో చూడాలి. అద్దె ఇంట్లో ఉండేవారు మూడు పిన్నుల ప్లగ్గుకు ఎర్తింగ్ ఉన్నదా అని ఎలక్ట్రీషియన్ చేత ముందే పరీక్ష చేయించుకోవాలి.

5. బిల్లే రక్షణ

కంప్యూటర్ భాగాలపై జిఎస్‌టి 18 శాతం. రూ. 50,000 చెల్లిస్తే అందులో సుమారు రూ. 7,627 పన్నే. బిల్లు వద్దంటే ధర తగ్గిస్తామనే మాట ఆకర్షణీయంగా ఉంటుంది. కాని వారంటీ అడిగే రోజున చేతిలో బిల్లు లేకపోతే, తగ్గిన ధరకు పదింతల నష్టం రావచ్చు. బిల్లుపై ప్రతి భాగం పేరు, సీరియల్ నంబరు ఉండేలా చూసుకోవాలి. దుకాణంలో కన్నడంలో అడగడానికి మూడు వాక్యాలు:

“జిఎస్‌టి బిల్ కొడి” (జిఎస్‌టి బిల్లు ఇవ్వండి)
“వారంటి ఎష్టు వర్ష?” (వారంటీ ఎన్నేళ్లు?)
“ఇదు హొసదా, హళేదా?” (ఇది కొత్తదా, పాతదా?)

బిల్లు ఇవ్వకపోవడం 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం అనుచిత వ్యాపార పద్ధతి. వివాదం వస్తే జాతీయ వినియోగదారుల సహాయవాణి 1915కు ఫోన్ చేయవచ్చు. తెలుగులోనూ మాట్లాడవచ్చు. అక్కడ తేలకపోతే రెండేళ్లలోగా జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు వేయాలి. ఫిర్యాదుదారు నివసించే చోట గానీ, పనిచేసే చోట గానీ వేసే హక్కు ఉన్నది. చెల్లించిన ధర రూ. 5 లక్షలలోపు అయితే రుసుము లేదు. సొంత ఊరు వేరైనా బెంగళూరులో నివసించేవారికి ఈ హక్కు పూర్తిగా వర్తిస్తుంది.

6. పాత సామాను

వాడిన గ్రాఫిక్స్ కార్డు చౌకగా వస్తుంది. అయితే 2022 సెప్టెంబరులో ఇథీరియం తన పద్ధతిని మార్చుకొనేవరకు, ఎన్నో కార్డులు ఆ మైనింగ్ పనిలో రాత్రింబవళ్లు నడిచాయి. కొనేముందు దుకాణంలోనే కొంతసేపు ఆట నడిపించి, తెరపై చారలు రాకుండా ఉన్నాయా, ఫ్యాన్లు సరిగా తిరుగుతున్నాయా అని చూడాలి. ఇంట్లోని పాత కంప్యూటర్‌ను చెత్తబండిలో వేయరాదు. 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉన్న ఈ-వ్యర్థాల నియమాల ప్రకారం పనిచేసే నమోదిత రీసైక్లర్‌కు దానిని చేర్చాలి.

అభ్యాసం

1. పన్నుతో కలిపి బిల్లు రూ. 35,400 అయితే అసలు ధర ఎంత?
2. గ్రాఫిక్స్ కార్డు లేకుండా ‘ఎఫ్’ ప్రాసెసర్ కొంటే ఏమవుతుంది?
3. బిల్లుపై సీరియల్ నంబరు ఎందుకు ఉండాలి?

జవాబులు: 1. రూ. 30,000, పన్ను రూ. 5,400. 2. తెరపై బొమ్మ రాదు. 3. చెడిపోయిన భాగం ఆ దుకాణంలో కొన్నదేనని నిరూపించడానికి.