నాలుగు వందల కార్ల లెక్క: ఫియట్ 131 అబార్త్ అమ్మకానికి వస్తే ఏం చూడాలి?

పాత కార్ల వేలం క్యాటలాగులు చదవడం నాకు అలవాటు. కొనే స్తోమత ఉండి కాదులెండి. ఒక మంచి అమ్మకపు ప్రకటనలో ఇంజిన్ల పాఠం, మెషిన్ డిజైన్, చరిత్ర, కొంచెం కోర్టు వ్యవహారం కూడా కలిసి దొరుకుతాయి. అలా ఎప్పుడు కనిపించినా నేను ఆగి చదివే పేరు ఒకటుంది: ఫియట్ 131 అబార్త్ ర్యాలీ. చూడ్డానికి రెండు తలుపుల కుటుంబ సెడాన్. లెక్క ప్రకారం తయారైనవి 400. ప్రపంచ ర్యాలీ ఛాంపియన్‌షిప్‌లో తయారీదారుల టైటిల్‌ని మూడుసార్లు గెలిచింది. ఇప్పుడు వేలంలో లక్ష యూరోలు దాటి పలికిన సందర్భాలున్నాయి.

అదే కంపెనీ, దాదాపు అదే ఆకారంలో అమ్మిన మామూలు 131కి ఆ ధరలో చిన్న వంతు కూడా రాదు. మరి ఆ తేడా ఎక్కడుంది? దాన్ని ఎలా పట్టుకోవాలి? ఈ వ్యాసం ఆ రెండు ప్రశ్నల గురించే.

మామూలు అన్నయ్య

ఫియట్ 131 కారు 1974లో ట్యూరిన్ మోటార్ షోలో బయటికొచ్చింది. అదే ఊళ్లో ఉన్న మీరాఫియోరి ఫ్యాక్టరీ పేరే దానికీ పెట్టారు. 1.3, 1.6 లీటర్ల ఇంజిన్లు, వెనక చక్రాలకి శక్తి, ఇంటిల్లిపాదీ కూర్చునే చోటు. అంతే, హడావిడి ఏమీ లేదు.

మన ఇళ్లల్లో పెద్దవాళ్లు 'ఫియట్ కారు' అంటే గుర్తొచ్చేది ముంబైలో తయారైన ప్రీమియర్ పద్మిని. దాని మూలం ఫియట్ 1100. 1980ల్లో అదే ప్రీమియర్ కంపెనీ తెచ్చిన 118ఎన్ఈ బాడీ ఫియట్ 124ది. ఇటలీలో ఆ 124 స్థానంలోకి వచ్చిందే 131. కాబట్టి మన రోడ్ల మీద తిరిగిన 118ఎన్ఈకి ఇది తమ్ముడి వరస అవుతుంది.

రూలు పుట్టించిన కారు

1974, 75, 76 సంవత్సరాల్లో ర్యాలీ టైటిల్ లాన్సియా స్ట్రాటోస్‌ది. లాన్సియా అప్పటికే ఫియట్ చేతిలో ఉంది. అయినా ఫియట్‌కి ఒక చిక్కు. స్ట్రాటోస్ ఇద్దరు కూర్చునే పొట్టి, చీలిక లాంటి బండి. అది గెలిస్తే చూసినవాళ్లు చప్పట్లు కొడతారు గానీ, షోరూమ్‌కెళ్లి 131 కొనరు. గెలిచే కారు, అమ్మే కారు ఒకేలా కనిపించాలి. అందుకే 131ని ర్యాలీకి దించారు.

అయితే మామూలు సెడాన్‌కి ఇష్టమొచ్చిన భాగాలు బిగించి పోటీకి వెళ్లడం కుదరదు. అప్పటి గ్రూప్ 4 నియమం ప్రకారం ఆ రకం కార్లు 400 తయారు చేసి చూపించాలి. అప్పుడే ఆ కారుకి పోటీ అర్హత. ఈ ధ్రువీకరణనే హోమోలోగేషన్ అంటారు. మన బాహా టీమ్ సీనియర్లని అడగండి, రూల్‌బుక్ అంటే ఏంటో చెబుతారు. ముందు రూలు చదువుతాం, తర్వాతే పెన్సిల్ పట్టుకుంటాం. ఫియట్ ఇంజినీర్లు కూడా అదే చేశారు. వాళ్లకి ర్యాలీలో ఏం కావాలో ముందు తేలింది. దానికి తగ్గ రోడ్డు కారు ఆ తర్వాత పుట్టింది.

ఈ పని అబార్త్‌కి అప్పగించారు. వియన్నాలో పుట్టిన కార్లో అబార్త్ 1949లో మొదలుపెట్టిన కంపెనీ అది. ఆయనది వృశ్చిక రాశి, అందుకే బండి మీద తేలు బొమ్మ. 1971లో ఫియట్ ఆ కంపెనీని కొనేసింది.

లోపల ఏం మారింది?

సగం తయారైన రెండు తలుపుల బాడీలు మీరాఫియోరి లైన్ నుంచి బెర్టోనే వర్క్‌షాపుకి వెళ్లేవి. అక్కడ ముందూ వెనకా వెడల్పాటి ప్లాస్టిక్ మడ్‌గార్డులు, ప్లాస్టిక్ బానెట్, ప్లాస్టిక్ డిక్కీ మూత బిగించేవాళ్లు. వెనక సస్పెన్షన్ పట్టేలా లోహపు నిర్మాణాన్ని కోసి మార్చేవాళ్లు. రంగు, సీట్లు అయ్యాక బండి రివాల్టా ప్లాంటుకి వెళ్లి అబార్త్ యంత్రభాగాలు తొడుక్కునేది.

మూడు మార్పులు మనం పాఠంలా చదవదగ్గవి.

ఒకటి, సిలిండర్ హెడ్. ఫియట్ ట్విన్ క్యామ్ ఇంజిన్ రూపకర్త ఔరేలియో లాంప్రెడి, అంతకుముందు ఫెరారీలో ఇంజిన్లు చేసినాయన. ఆ ఇంజిన్‌కే అబార్త్ 16 వాల్వుల హెడ్ పెట్టింది. సిలిండర్ వ్యాసం 84 మి.మీ., స్ట్రోక్ 90 మి.మీ. నాలుగు సిలిండర్లకి లెక్క కట్టండి, సరిగ్గా 1995 సీసీ వస్తుంది. మరి నాలుగేసి వాల్వులెందుకు? ఊరికే ఒక లెక్క చూద్దాం (ఈ కొలతలు ఉదాహరణకే, ఈ ఇంజిన్‌వి కావు). 40 మి.మీ. వాల్వు ఒకటుంటే దాని అంచు చుట్టుకొలత సుమారు 126 మి.మీ. దాని బదులు 30 మి.మీ. వాల్వులు రెండు పెడితే మొత్తం 188 మి.మీ. వాల్వు కొద్దిగా లేచినప్పుడు గాలి దూరేది ఆ అంచు చుట్టూనే కదా. పైగా ఒక్కో వాల్వు బరువు తగ్గుతుంది, కాబట్టి ఇంజిన్ ఇంకా వేగంగా తిరగ్గలదు.

రెండు, వెనక సస్పెన్షన్. మామూలు 131కి వెనక చక్రాలు రెండూ ఒకే గట్టి యాక్సిల్ మీద ఉంటాయి. ఎడమ చక్రం రాయి ఎక్కితే కుడి చక్రం కూడా ఒరుగుతుంది. ఎడ్లబండిలో కూర్చున్నవాళ్లకి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. అబార్త్‌లో ఏ చక్రానికి ఆ చక్రం విడిగా కదులుతుంది. కంకర దారిలో టైరు నేలని వదలకుండా ఉండటమే ర్యాలీలో సగం గెలుపు.

మూడు, గేర్‌బాక్సు. నాకు అన్నిటికంటే నచ్చిన సంగతి ఇదే. పోటీ బండిలో ఏ రకం సింక్రోమెష్ ఉంటుందో రోడ్డు బండిలోనూ అదే ఉండాలని రూలు. పోటీ బండికి సింక్రోమెష్ అక్కర్లేదు. దాంతో షోరూమ్‌లో డబ్బు కట్టి కొన్న పెద్దమనిషి కూడా సింక్రోమెష్ లేని గేర్లతో తంటాలు పడాల్సి వచ్చింది! అసలు అవసరం ఎవరిదో ఆ గేర్ రాడ్ పట్టుకుంటే తెలిసిపోతుంది.

రోడ్డు బండికి ఒకే ఒక వెబర్ కార్బురేటర్, 140 హార్స్‌పవర్. అంటే లీటరుకి సుమారు 70. అదే ఇంజిన్‌కి డ్రై సంప్, తర్వాత తర్వాత ఫ్యూయల్ ఇంజెక్షన్ కలిపిన ర్యాలీ బండ్లు 200 హార్స్‌పవర్ దాటిపోయాయి.

ఫలితం దాచుకునేది కాదు. 1976లోనే ఫిన్లాండ్ 1000 లేక్స్ ర్యాలీని మార్కు అలెన్ ఈ కారుతో గెలిచాడు. 1977, 1978, 1980 తయారీదారుల టైటిళ్లు ఫియట్‌వే. 1980లో వాల్టర్ రోర్ల్ ఇదే బండితో మాంటే కార్లో గెలిచి, ఏడాది చివర్లో ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు. 1981లో నాలుగు చక్రాలకీ శక్తినిచ్చే ఆడి క్వాత్రో వచ్చాక ఆట మారింది.

అమ్మకానికి వచ్చినప్పుడు

ఇప్పుడు అసలు విషయానికొద్దాం. మామూలు రెండు తలుపుల 131 ఒకటి దొరికితే దానికి వెడల్పు మడ్‌గార్డులు తగిలించి, తేలు బొమ్మ అంటించి, రంగేస్తే దూరం నుంచి అబార్త్‌లాగే ఉంటుంది. దాన్ని 'నమూనా బండి' అని చెప్పి అమ్మితే తప్పేమీ లేదు. చెప్పకుండా అమ్మితే మోసం. రెంటికీ మధ్య ధరలో బోలెడు తేడా. కాబట్టి పైపూతని వదిలేసి, మార్చడానికి కష్టమైన చోట్ల ముందు చూడాలి.

మొదట చాసిస్ నంబరు. ఈ మోడల్ గుర్తు 131 ఏఆర్. ఆ నంబరు చుట్టూ వెల్డింగ్ మచ్చలు, అరగదీసిన గుర్తులు ఉంటే అక్కడే ఆగిపోవాలి. రెండోది, బండి కింద దూరి వెనక భాగం చూడటం. గట్టి యాక్సిల్ కనిపిస్తే ఇక కాగితాలు తిరగేయక్కర్లేదు. మూడోది, సిలిండర్ హెడ్: 16 వాల్వులా, 8 వాల్వులా? నాలుగోది, బానెట్, మడ్‌గార్డుల దగ్గర ఒక చిన్న అయస్కాంతం. అంటుకుంటే అది ఇనుప రేకు. ప్లాస్టిక్ భాగాలు కొత్తగా పోసి చేయించుకోవచ్చు కాబట్టి ఈ ఒక్క పరీక్షతో సంబరపడకూడదు.

ఆఖరున కాగితాలు. పాత రిజిస్ట్రేషన్ పుస్తకం, సర్వీసు బిల్లులు, పాత ఫొటోలు, యజమానుల వరస. వీటిలో ఒక్కోటి విడిగా ఏమీ నిరూపించదు. అన్నీ ఒకే కథ చెప్పాలి, మధ్యలో కొన్నేళ్లు మాయమవకూడదు. ఇక్కడ ఒక మాట: చరిత్రాత్మక పోటీల్లో నడపడానికి ఎఫ్ఐఏ ఇచ్చే టెక్నికల్ పాస్‌పోర్ట్, బండి కొలతలు రూలుకి సరిపోయాయని చెబుతుంది. ఇది ఫలానా ఏడాది ఫలానా డ్రైవరు నడిపిన బండే అనడానికి అది సాక్ష్యం కాదు. చాలామంది కొనుగోలుదారులు తికమకపడేది ఇక్కడే.

ఏది అసలు బండి?

ర్యాలీ బండి చెట్లకి గుద్దుకుంటుంది, బోల్తా పడుతుంది. టీమ్ వాళ్లు కొత్త బాడీ తెచ్చి పాత ఇంజిన్, పాత కాగితాలు దానికే పెట్టేవాళ్లు. ఏళ్లు గడిచాక పక్కన పడేసిన పాత బాడీని ఇంకెవరో టింకరింగ్ చేయించి నిలబెడితే? ఒకే పేరుకి ఇద్దరు వారసులు. మా ఊళ్లో ఇరుసు మార్చి, చక్రాలు మార్చి, నొగలు మార్చిన బండిని కూడా తాతగారి బండే అంటారు. ఎందుకంటే ఆ మార్పులన్నీ ఇంట్లోవాళ్ల కళ్లముందు జరిగాయి. మార్పు జరగడం తప్పు కాదు, ఎప్పుడు ఎవరు ఏం మార్చారో తెలిస్తే చాలు. తెలియకపోతేనే పేచీ.

అందుకే రెండు బండ్లు పక్కపక్కన పెడితే, అద్దంలా మెరిసే బండికన్నా, గీతలు పడినా ప్రతి బిల్లూ దాచుకున్న బండికే నా ఓటు. మెరుపుని ఆరు నెలల్లో కొనుక్కోవచ్చు. నలభై ఏళ్ల వరస తప్పని రికార్డుని ఎవరూ తయారు చేయలేరు. చేస్తే దాన్ని ఫోర్జరీ అంటారు. మనం ల్యాబ్ రికార్డు రాసేటప్పుడు విసుక్కుంటాం గానీ, ఒక యంత్రం ఫలానాదని ప్రపంచం నమ్మేది చివరికి అలాంటి పుస్తకం చూసే.

మీకో అభ్యాసం: మీ ఇంట్లో ఉన్న బండి ఆర్సీ తీసుకుని, చాసిస్ నంబరు, ఇంజిన్ నంబరు బండి మీద ఎక్కడున్నాయో వెతికి సరిచూడండి. తర్వాత ఇప్పటిదాకా మార్చిన భాగాల జాబితా, తేదీలతో సహా రాయండి. ఎన్నిటికి బిల్లు దొరికిందో లెక్కపెట్టండి.