కౌంటర్‌కు ఇటువైపు కూర్చున్నాక

పద్మారావునగర్,
సికింద్రాబాద్.

చిట్టీ,

డయాగ్నస్టిక్ సెంటర్‌లో కౌంటర్ ఉద్యోగం వచ్చిందని మీ అమ్మ చెప్పింది. చాలా సంతోషం తల్లీ. హన్మకొండలోనే కాబట్టి ఇంటి అన్నం తిని వెళ్లొచ్చు. ముప్పై ఏళ్లు నేనూ కౌంటర్ వెనకే కూర్చున్నాను. ఫోన్లో చెబితే సగం విని పెట్టేస్తావు, అందుకే రాస్తున్నా.

నేను ఇక్కడి రైల్వే రిజర్వేషన్ ఆఫీసులో ఉండగా, 1994 సెప్టెంబరులో, కాన్సర్ట్ అనే సాఫ్ట్‌వేర్‌ను దేశం మొత్తంలో మొదట మన సికింద్రాబాద్‌లోనే పెట్టారు. 1999కల్లా ఢిల్లీ, ముంబయి, కలకత్తా, చెన్నై, సికింద్రాబాద్ ఒకే వలలోకి వచ్చేశాయి. ఇక్కడ కూర్చుని ఎక్కడి నుంచి ఎక్కడికైనా టికెట్ కొట్టిచ్చేవాళ్లం. మాకదో పండుగ. అంత గొప్ప యంత్రం అచ్చేసిన ప్రయాణికుల జాబితాని చివరికి బంక పూసి రైలు పెట్టె తలుపు పక్కన అంటించేవాళ్లు. బెర్తు నంబరు, పేరు, ఆడా మగా, వయసు, ఎక్కడి నుంచి ఎక్కడికి, అన్నీ అందులోనే.

డ్యూటీ దిగాక ప్లాట్‌ఫాం మీద ఆ చార్టులు చదవడం నాకు అలవాటైపోయింది. ఒకరోజు ఒకచోట చూపు ఆగింది. 33వ బెర్తు, స్త్రీ, 24 ఏళ్లు. అటూ ఇటూ ఉన్నవాళ్ల పీఎన్‌ఆర్‌లు వేరు. అంటే ఆ పిల్ల రాత్రంతా ఒంటరిగా వెళ్తోంది. నాకు తెలిసిందంటే ఆ ప్లాట్‌ఫాం మీద నిలబడ్డ ఎవడికైనా తెలుస్తుంది. ఆ ముందు ఎన్ని చార్టులు చదివానో, ఆ సంగతి తట్టనేలేదు. నేను రిటైరయ్యాక, 2018 మార్చి 1 నుంచి, పెద్ద స్టేషన్లలో పెట్టెలకు చార్టులు అంటించడం ఆపారు, ముందు ఆరు నెలలు చూద్దామని. కాగితం ఆదా అన్నారు. పేపర్లో చదవగానే నాకు మాత్రం ఆ 33వ బెర్తు పిల్లే గుర్తొచ్చింది.

ఇంకోసారి ఒకాయన కౌంటర్ దగ్గరికొచ్చి, ఫలానా ఆవిడ ఏ బండికి బుక్ చేసుకుందో చూసి చెప్పమన్నాడు. దగ్గరి బంధువునే అన్నాడు, గొంతులో మర్యాద కూడా ఉంది. నేను మా సూపర్‌వైజర్ వైపు చూశాను. ఆయన ఫైలులోంచి తలెత్తకుండానే, "బంధువైతే ఆమెనే అడుగుతాడు కదమ్మా" అన్నారు. ఆ మాట నీకిస్తున్నా, దాచుకో. నీ దగ్గరికీ వస్తారు. భర్తనంటారు, అత్తగారినంటారు, ఆఫీసు నుంచి మేనేజర్ పంపాడంటారు, పెళ్లి సంబంధం చూస్తున్నాం, రక్తం రిపోర్టు ఒక్కసారి చూపించమంటారు. రక్తం ఎవరిదో రిపోర్టు వాళ్లది. వాళ్లు స్వయంగా చెబితే తప్ప ఇంకొకరి చేతికి పోకూడదు. నీకు మొహమాటం ఎక్కువ, నాకు తెలుసు. ఈ ఒక్కచోట పనికిరాదు.

మొన్న నేను షుగర్ టెస్టుకని ఇక్కడో ల్యాబ్‌కు వెళ్లాను. పేరెందుకులే. వరుసలో పది పన్నెండు మందిమి ఉన్నాం. కౌంటర్లో అమ్మాయి నా ముందున్న ఆవిడ చీటీ తీసుకుని, పేరు, వయసు, ఫోన్ నంబరు, ఏ టెస్టు అన్నీ అందరికీ వినపడేలా పైకి చదివింది. అది గర్భం ఉందో లేదో చూసే పరీక్ష. ఆవిడ కొంగు భుజం మీదికి లాక్కుని గోడ వైపు తిరిగింది. ఆ అమ్మాయికి చెడు ఉద్దేశం ఏమీ లేదు. పొద్దుటి నుంచి చదువుతూనే ఉంది, అలసిపోయింది. నువ్వూ అలసిపోతావు. అయినా నంబరు పైకి చదవకు, చీటీ తిప్పి చూపించి సరేనా అని అడుగు, వేలితో చూపిస్తారు. రిపోర్టు వాట్సాప్‌లో పంపేముందు నంబరు ఇంకోసారి సరిచూడు. ఒక్క అంకె తప్పితే ఒకరి జబ్బు ఇంకొకరి ఫోన్లో పడుతుంది. నీ సొంత ఫోన్‌లోంచి మాత్రం ఎప్పుడూ పంపకు. పాత ఫారాలు తూకానికి వేస్తామంటే చింపి వెయ్యమను. మోండా మార్కెట్ దగ్గర మిర్చి బజ్జీ కొంటే పొట్లం కట్టిన కాగితం ఎవరిదో దరఖాస్తు. నూనె మరకలోంచి ఫొటో, ఫోన్ నంబరు, నామినీ పేరు కనపడుతున్నాయి. తినబుద్ధి కాలేదు.

చిన్న చిన్న కాగితాలకు ఇంత కంగారెందుకు అంటావేమో. 2023 ఏప్రిల్లో సైబరాబాద్ పోలీసులు ఒకతన్ని పట్టుకున్నారు. 66.9 కోట్ల మంది వ్యక్తుల, సంస్థల వివరాలు అతని దగ్గర అమ్మకానికి ఉన్నాయని చెప్పారు. అంత పెద్ద కుప్ప ఒక్క చోటి నుంచి రాదు. ఎవరో ఒక ఫైలు కాపీ చేసిస్తారు, ఎవరో ఒక లిస్టు ఫార్వర్డ్ చేస్తారు. అలా పోగవుతుంది.

వేలిముద్ర సంగతి మరీ దారుణం. 2018లో పెద్దపల్లి జిల్లా ధర్మారంలో సిమ్ కార్డులు అమ్మే ఒకతను, రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లోంచి భూముల దస్తావేజులు దించుకుని, వాటి మీది వేలిముద్రలకు రబ్బరు అచ్చులు చేశాడు. ఆ దొంగ వేళ్లతో వేల సిమ్ కార్డులు యాక్టివేట్ చేశాడని పోలీసులు తేల్చారు. అమ్మకాల టార్గెట్ కోసమట! పాస్‌వర్డ్ పోతే మార్చుకుంటాం, బొటనవేలు మార్చుకోలేం కదా. మీ తాతయ్య రెండెకరాల కాగితాల మీదా ముద్రలున్నాయి. అందుకే నేనూ ఆయనా ఎంఆధార్ యాప్‌లో బయోమెట్రిక్ లాక్ పెట్టుకున్నాం. అవసరమైనప్పుడు తీసుకుంటాం, పనయ్యాక మళ్లీ వేస్తాం. ఎవరైనా ఆధార్ కాపీ అడిగితే చివరి నాలుగంకెలే కనపడే మాస్క్‌డ్ ఆధార్ ఇస్తాం. చాలాచోట్ల అది సరిపోతుంది. ఓటీపీ ఎవరికీ చెప్పొద్దని నీకు నేను చెప్పాలా. ఎప్పుడైనా డబ్బు పోతే మాత్రం సిగ్గుపడి కూర్చోకుండా వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యి.

చట్టం సంగతీ తెలుసుకో. కర్ణాటక హైకోర్టు మాజీ జడ్జి పుట్టస్వామిగారు మన ఉమ్మడి రాష్ట్రంలో బీసీ కమిషన్‌కు అధ్యక్షుడిగా కూడా చేశారు. ఆధార్ మీద 2012లో సుప్రీంకోర్టుకెక్కినప్పుడు ఆయనకు 86 ఏళ్లు. ఆ వయసులో ఎవరి కోసం కోర్టు మెట్లెక్కారో ఆలోచించు! ఆ కేసులోనే 2017 ఆగస్టు 24న తొమ్మిది మంది జడ్జీలు ఒక్కమాటగా గోప్యత ప్రాథమిక హక్కు అన్నారు. 2023లో వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం వచ్చింది. దాని ప్రకారం వివరాలు ఎందుకు అడుగుతున్నారో చెప్పాలి, ఆ పనికి కావాల్సినంతే తీసుకోవాలి. కాపాడడంలో నిర్లక్ష్యం చేస్తే జరిమానా 250 కోట్ల దాకా ఉంది.

2022 ఆగస్టులో మా రైల్వేవాళ్ల ఐఆర్‌సీటీసీయే, ప్రయాణికుల వివరాలతో ఆదాయం ఎలా తేవచ్చో చెప్పే సలహాదారు కోసం టెండరు పిలిచి, అభ్యంతరాలు రాగానే అదే నెలలో వెనక్కి తీసుకుంది. ఆ వార్త చదివి నాకు రాత్రి నిద్ర పట్టలేదు. కిటికీ కంతలోంచి వంగి నాకు వయసు చెప్పిన ముసలమ్మలు గుర్తొచ్చారు. కింది బెర్తు దొరుకుతుందని చెప్పారు వాళ్లు. బెర్తు కోసం చెప్పిన వయసు బెర్తు కోసమే చిట్టీ. టెస్టు కోసం నీకిచ్చిన నంబరూ అంతే, రేపు ఏదో హెల్త్ ప్యాకేజీ అమ్మడానికి ఆ లిస్టు పంపమంటే, వాళ్లు దానికి ఒప్పుకున్నారా అని అడుగు. మెల్లగానే అడుగు, కానీ అడుగు.

లష్కర్ బోనాలకు వస్తావుగా, అప్పుడు నీ ఆధార్‌కూ లాక్ వేద్దాం. సోమవారం చేరగానే ముందు ఒక పని చెయ్యి. కౌంటర్‌కు అటువైపు, వరుసలో మూడో మనిషి నిలబడేచోట నిలబడి, నీ కంప్యూటర్ తెర కనపడుతుందేమో చూడు. కనపడితే దాన్ని కాస్త గోడ వైపు తిప్పి, సాయంత్రం నాకు ఫోన్ చెయ్యి.

నీ
అమ్మమ్మ