చేతిలో ఇమిడే వేటకుక్క

యార్క్‌షైర్ టెర్రియర్ బరువు 3.2 కిలోగ్రాములకు మించకూడదని ఈ జాతికి నియమం ఉంది. సంచిలో పెట్టుకొని తీసుకుపోవచ్చు. కాని దాన్ని బొమ్మ అనుకుంటే పొరపాటే. పుట్టుకచేత అది వేటకుక్క. దాని స్వభావం అర్థం కావాలంటే ముందు పేరు అర్థం కావాలి.

పేరులోనే పని

లాటిన్ భాషలో ‘టెర్రా’ అంటే నేల. నేలలోని బొరియల్లో దూరి ఎలుకలను, ఇతర జంతువులను పట్టే కుక్కలు టెర్రియర్లు. 19వ శతాబ్దం మధ్యకాలంలో స్కాట్లండు నుంచి ఎందరో పనివాళ్లు ఇంగ్లండులోని యార్క్‌షైర్ ప్రాంతపు బట్టల మిల్లులకు వలస వచ్చారు. తమ చిన్న కుక్కలనూ వెంట తెచ్చుకున్నారు. మిల్లుల్లో ఎలుకలకు కొదవ లేదు. కుక్కలకు పనీ దొరికింది. అక్కడి కుక్కలతో కలిసి క్రమంగా ఈ జాతి ఏర్పడింది. 1865లో పుట్టిన ‘హడర్స్‌ఫీల్డ్ బెన్’ అనే కుక్కను ఈ జాతికి మూలపురుషుడిగా చెబుతారు. పట్టులాంటి వీటి వెంట్రుకలను చూసి, ‘ఇవి మగ్గం మీద నేసినవి’ అని జనం చమత్కరించేవారట!

మొండితనం ఎందుకు?

బొరియలోకి దూరిన కుక్కకు లోపల యజమాని ఆజ్ఞలు అందవు. ఏం చెయ్యాలో అదే నిర్ణయించుకోవాలి. తనకన్న పెద్ద జంతువు ఎదురైనా వెనక్కు తగ్గకూడదు. తానెక్కడున్నదీ పైవాళ్లకు తెలియాలంటే మొరగాలి. ఈ గుణాలున్న కుక్కలనే మనిషి తరతరాలుగా ఎంచి పెంచాడు. అందుకే ఈనాటికీ అది మట్టి తవ్వుతుంది, చిన్న అలికిడికే మొరుగుతుంది, పెద్ద కుక్కల మీదికీ దూకుతుంది. దాన్ని కొట్టి లాభం లేదు. రోజూ కొద్దిసేపు, చెప్పినట్టు విన్నప్పుడు చిన్న తినుబండారం ఇస్తూ నేర్పితే చురుకుగా నేర్చుకుంటుంది.

ఇందుకు ‘స్మోకీ’ మంచి ఉదాహరణ. ఇది 1944లో న్యూగినీ అడవిలో అమెరికా సైనికులకు దొరికింది. బరువు 1.8 కిలోగ్రాములే. 1945లో ఫిలిప్పీన్స్‌లోని ఒక విమానాశ్రయంలో టెలిఫోను తీగను నేల కింద 20 సెంటీమీటర్ల వ్యాసం గల గొట్టంలోంచి లాగవలసి వచ్చింది. గొట్టం పొడవు సుమారు 21 మీటర్లు. అక్కడక్కడ మట్టి పేరుకొని ఉంది. స్మోకీ మెడపట్టీకి దారం కట్టి, దాని యజమాని బిల్ విన్ రెండో చివర నుంచి పిలిచాడు. అది చీకటి గొట్టంలో పాకుతూ ఇవతలికి వచ్చింది. లేకుంటే విమానాల దారిని రోజుల తరబడి తవ్వవలసి వచ్చేది.

చిన్న ఒంటికి పెద్ద చిక్కు

1 సెం.మీ. భుజం గల ఘనాన్ని ఊహించండి. ఘనపరిమాణం 1 ఘ.సెం.మీ., ఉపరితలం 6 చ.సెం.మీ. భుజం 10 సెం.మీ. అయితే ఘనపరిమాణం 1000, ఉపరితలం 600. అంటే పెద్ద ఘనంలో ఒక్కో ఘ.సెం.మీ.కు 0.6 చ.సెం.మీ. ఉపరితలమే ఉంది. చిన్నదానికి పది రెట్లు ఎక్కువ!

శరీరంలోని వేడి ఉపరితలం నుంచే పోతుంది. కనుక చిన్న కుక్క త్వరగా చల్లబడుతుంది. పైగా ఈ జాతికి లోపలి మెత్తటి బొచ్చు పొర లేదు. చలిలో, వర్షంలో తడిస్తే వెంటనే ఒళ్లు తుడవాలి. మండుటెండలోనూ తిప్పకూడదు.

పోయిన వేడిని భర్తీ చేసేది ఆహారమే. బుల్లి కూన కాలేయంలో నిలవ ఉండే శక్తి కొంచెమే. పూటలు తప్పితే రక్తంలో చక్కెర తగ్గి, వణికి, తూలి పడిపోవచ్చు. అందుకే కూనలకు కొద్దికొద్దిగా రోజుకు నాలుగైదుసార్లు పెట్టాలి. అలా పడిపోతే చిగుళ్లకు కాస్త తేనె రాసి వెంటనే పశువైద్యుని దగ్గరకు తీసుకువెళ్లాలి.

సంరక్షణ

వెంట్రుకలు మన జుట్టులాగే పెరుగుతూ ఉంటాయి. రోజూ దువ్వకపోతే జడలు కడతాయి. చిన్న దవడలో 42 పళ్లు ఇరుక్కొని ఉంటాయి కనుక పాచి త్వరగా పడుతుంది. కుక్కల కోసం చేసిన పేస్టుతో తోమాలి. ఈ జాతిలో గాలిగొట్టపు మృదులాస్థి వలయాలు మెత్తబడి అణిగిపోయే జబ్బు తరచుగా కనిపిస్తుంది. అందువల్ల మెడపట్టీకి బదులు ఛాతీకి తొడిగే పట్టీ మేలు. చాక్లెట్టు, ఉల్లిపాయ, ద్రాక్ష వీటికి విషం.

రేబీస్ టీకా తప్పనిసరి. కరిచింది చిన్న కుక్కే కదా అని ఊరుకోరాదు. గాయాన్ని పారే నీటి కింద సబ్బుతో 15 నిమిషాలు కడిగి, వెంటనే డాక్టరును కలవాలి. రేబీస్ లక్షణాలు బయటపడ్డాక ప్రాణాలు దక్కడం దాదాపు అసాధ్యం.

లెక్క కట్టండి: 5 సెం.మీ. భుజం గల ఘనంలో ఒక్కో ఘ.సెం.మీ.కు ఎంత ఉపరితలం ఉంటుంది?

(జవాబు: 1.2 చ.సెం.మీ.)